మడత చాకు చరిత్ర – ఉక్కు, గొళ్లెం, పేరు

‘చాకు’ అనే మాట అచ్చ తెలుగు మాట అని చాలామంది అనుకుంటారు. కాదు. మనం ఉర్దూలో ‘చాఖూ’ అంటాము గదా, అదే తెలుగులో ‘చాకు’ అయింది. ఉర్దూకు అది ఫారసీ నుంచి, ఫారసీకి తుర్కీ భాషల నుంచి వచ్చినది. అచ్చ తెలుగులో దానికి కత్తి అనే పేరు ఉండనే ఉన్నది. అయినా జేబులో పెట్టుకునే చిన్న కత్తికి జనం చాకు అనే పేరే ఖాయం చేసినారు.

దీనికి బదులుగా మన ప్రాంతం లోకానికి ఒక మాట ఇచ్చింది. అది ‘ఉక్కు’. ఇంగ్లీషువాళ్లు దానిని ‘వూట్జ్’ అని పలికినారు, అలాగే తమ నిఘంటువుల్లో ఎక్కించుకున్నారు. తెలుగు, కన్నడ సీమల ఉక్కు అనే మాటకు అది మారురూపమని పండితుల అభిప్రాయం. అంటే మనం ఉక్కు ఇచ్చినాము, చాకు తీసుకున్నాము. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వెనుక ఉన్న చరిత్రను మన సభ్యులకు, వారి కుటుంబాలకు, ముఖ్యంగా చదువుకునే పిల్లలకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

సావనీరులో చాకు సంగతి ఏమిటని కొందరు అడగవచ్చు. కారణం ఉన్నది. తరగతిలో మేము ‘రామ్‌పూర్ దేనికి ప్రసిద్ధి?’ అని అడిగితే, పిల్లలందరూ ఒక్క గొంతుతో ‘చాకుకు’ అంటారు. అనేటప్పుడు నవ్వుతారు, చేత్తో పొడిచినట్టు అభినయిస్తారు. ఆ ఊళ్లో వేలకొలది రాతప్రతులున్న గొప్ప గ్రంథాలయం ఉన్నదని ఒక్కరూ చెప్పరు. ఒక పనిముట్టు, దానిని చేసిన కారీగర్లు, వారి ఊరు, ముగ్గురూ కలిసి ఎట్లా బద్నాం అయినారో తెలుసుకోవడం మనకు అవసరమని మా ఉద్దేశం. అయితే పేరు గురించి మాట్లాడేముందు వస్తువు గురించి తెలియాలి. కనుక ముందు చాకు సంగతే చూద్దాము.

మడత ఎందుకు వచ్చింది?

పదునున్న వస్తువుకు ఒర కావాలి. ఒర లేకపోతే మొలలో పెట్టుకున్నవాడినే అది గాయపరుస్తుంది. ఒర పెట్టుకుంటే కత్తి పొడవు, ఒర పొడవు కలిసి బరువు అవుతుంది. పిడినే ఒరగా చేస్తే ఎట్లా ఉంటుంది అన్న ఆలోచన నుంచి మడత చాకు పుట్టింది. ఈ ఆలోచన కొత్తది కాదు. ఆస్ట్రియా దేశంలోని హాల్‌స్టాట్ అనే చోట ఎముక పిడి గల మడత చాకు దొరికింది. అది క్రీస్తుపూర్వం 600-500 సంవత్సరాల నాటిదని లెక్క కట్టినారు. రోమనులు కూడా మడత చాకులు వాడినారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫిట్జ్‌విలియం మ్యూజియం ఉన్నది. అందులో క్రీస్తుశకం 3వ శతాబ్దం నాటి రోమను పనిముట్టు ఒకటి చూపిస్తారు. వెండి పిడిలో ఇనుప అలుగు, చెంచా, ఫోర్కు, సూది మొన, అన్నీ మడిచి ఉంటాయి. ఇప్పటి స్విస్ చాకుకు అది ముత్తాత అనుకోవచ్చు.

ఆ పాత చాకులలో స్ప్రింగు లేదు, గొళ్లెం లేదు. ఒక కీలు, ఒక రివెట్టు, అంతే. రివెట్టు బిగువే అలుగును ఆపాలి. మన మంగలి కత్తి నేటికీ ఇదే పద్ధతి. అలుగు వెనుక తోకలాగా ఒక ముక్క ఉంటుంది. దాని మీద వేలు పెట్టి పట్టుకుంటే కత్తి మూసుకోదు. చేతివేళ్లే దానికి తాళం. జపానులో 1890ల నుంచి చేస్తున్న ‘హిగోనోకామి’ చాకు కూడా ఇట్లాంటిదే. రేకు మడిచిన పిడి, అలుగు వెనుక చిన్న మీట, ఆ మీట మీద బొటనవేలు.

కలంతరాష్

చాకును ఆయుధంగా చూసేవారు తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. చిన్న చాకును పెంచి పోషించినది యుద్ధం కాదు, చదువు. ఇంగ్లీషులో చిన్న మడత చాకును ‘పెన్‌నైఫ్’ అంటారు. పక్షి ఈకను కలంగా చెక్కడానికి వాడేవారు గనుక ఆ పేరు. మన వాళ్లు దానినే ‘కలంతరాష్’ అన్నారు, అనగా కలం చెక్కేది. తుర్కీ రాజ్యంలో కలంతరాష్ చేసే ఉస్తాదులు తమ పనితనానికి గుర్తుగా అలుగు మీద ముద్ర వేసుకునేవారు.

రెల్లు కలంతో రాసేవారికి ఈ పని తెలుసు. ముందు కలం మొనను ఏటవాలుగా చెక్కాలి. తర్వాత మధ్యలో సన్నని చీలిక పెట్టాలి. చివరకు మొనను ఒక ఎముక పలక మీద పెట్టి ఒకే ఒక్క దెబ్బతో కోయాలి. దానిని ‘ఖత్’ అంటారు. ఖత్ వంకర పోతే నస్తాలీక్ అక్షరం వంకర పోతుంది. కనుక అలుగు పదును అక్షరం అందానికి మూలం. ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబుల చేతిరాత మీదనే నడిచినాయి. 1927లో మద్రాసులో మొదలైన ‘ముసల్మాన్’ దినపత్రిక దశాబ్దాల తరబడి చేతిరాతతోనే వెలువడింది. 1981లో నూరీ నస్తాలీక్ అనే కంప్యూటరు అక్షరాలు వచ్చిన తర్వాత కాతిబులకు పని తగ్గింది, కలంతరాష్‌కూ పని తగ్గింది. పాత బడుల్లో తఖ్తీ మీద రాసిన పెద్దలకు ఇది కథ కాదు, బాల్యం.

ఉక్కు సంగతి

చాకుకు ప్రాణం ఉక్కు. ఇనుము, బొగ్గుసారం అనబడే కార్బను కలిస్తే ఉక్కు అవుతుంది. కార్బను మరీ తక్కువైతే మెత్తని ఇనుము, వంగిపోతుంది. మరీ ఎక్కువైతే పోత ఇనుము, పగిలిపోతుంది. చాకుకు పనికివచ్చే ఉక్కులో సాధారణంగా నూటికి అర పాలు నుంచి ఒకటిన్నర పాళ్ల దాకా కార్బను ఉంటుంది. ఇంత చిన్న తేడాతో ఇంత పెద్ద మార్పు!

ఈ రహస్యాన్ని లెక్కలు తెలియకుండానే చేతితో సాధించినవారు మన తెలంగాణ కమ్మరులు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం గ్రామం దీనికి పేరుపొందినది. భూమి కొలతల సర్వేలో పనిచేసిన హెన్రీ వోయ్సీ అనే డాక్టరు ఆ కొలుములను స్వయంగా చూసి వివరంగా రాసిపెట్టినాడు. ఆయన 1824లో చనిపోయినాడు. ఆ రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి వచ్చిన రెండు రకాల ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్ల లెక్కన కలిపి, మట్టి మూసల్లో పెట్టి, మూత వేసి, ఇరవై నాలుగు గంటలు కొలిమిలో కాల్చేవారట. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక హాజీ వర్తకుడు ఆ ఊళ్లోనే మకాం పెట్టి ఉక్కు కొంటున్నట్టు కూడా వోయ్సీ రాసినాడు. ఆలోచించండి. ఇరాను నుంచి మనిషి వచ్చి మన పల్లెలో కూర్చొని, మన కమ్మరి చేసిన ఉక్కు ముద్దలను తీసుకుపోతున్నాడు. ఆ ముద్దల నుంచే ఇరానులో, అరబ్బు దేశాల్లో నీటి అలల వంటి గీతలు గల కత్తులు తయారైనాయి. అరబ్బీలో హిందూస్థానపు కత్తికి ‘ముహన్నద్’ అని పేరే ఏర్పడింది. ఆ గీతలను ఉర్దూ, ఫారసీల్లో ‘జౌహర్’ అంటారు. మనిషిలోని ప్రతిభకు కూడా అదే మాట వాడతాము.

ఈ ఉక్కు చాకు దాకా ఎట్లా వచ్చింది? 1795లో జార్జి పియర్సన్ అనే శాస్త్రవేత్త లండన్ రాయల్ సొసైటీలో ‘వూట్జ్’ మీద వ్యాసం చదివినాడు. అదే లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే పేరుగల చాకుల తయారీదారు ఉండేవాడు. మన ఉక్కుతో మంగలి కత్తులు, డాక్టర్ల కత్తులు, సన్నని చాకులు చేసి చూసి, యూరపు ఉక్కుకంటె ఇదే మేలని తన దుకాణం కార్డు మీద అచ్చు వేయించుకున్నాడు. ఆయన మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేసి 1820, 1822 సంవత్సరాల్లో ఫలితాలు ప్రకటించినాడు. విద్యుత్తు విషయంలో మనం చదువుకునే ఫారడే ఈయనే. ఆయన తండ్రి కూడా కమ్మరే.

అయితే ఏం లాభం? పెద్ద కార్ఖానాల చవక ఉక్కు వచ్చింది. కొలిమికి కావలసిన బొగ్గుకు అడవుల్లో ఆంక్షలు వచ్చినాయి. 19వ శతాబ్దం గడిచేసరికి మన మూస ఉక్కు కొలుములు ఆరిపోయినాయి. పని తెలిసినవాళ్లు పోయినారు, వాళ్లతో పాటు పని కూడా పోయింది. 1990లలో అమెరికాలో వెర్‌హోవెన్ అనే శాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి కలిసి ఎన్నో ఏళ్లు శ్రమపడి ఆ గీతల ఉక్కును మళ్లీ తయారు చేసినారు. వెనేడియం వంటి పదార్థం అణుమాత్రం ఉంటే తప్ప ఆ జౌహర్ రాదని తేల్చినారు. మన తాతలకు పేరు తెలియకపోయినా చేతికి తెలిసిన సంగతి అది.

ఇప్పుడు చాకుల్లో వాడే ఉక్కు స్థూలంగా మూడు రకాలు. మొదటిది కార్బను ఉక్కు. త్వరగా పదును ఎక్కుతుంది, సానరాయి చాలు. కాని తడి తగిలితే తుప్పు, నిమ్మకాయ కోస్తే నల్లమచ్చ. వాడిన వెంటనే తుడిచి, ఒక చుక్క నూనె రాయాలి. రెండవది తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ అనే అతను తుపాకీ గొట్టాల కోసం ప్రయోగాలు చేస్తూ నూటికి 12.8 పాళ్లు క్రోమియం కలిపిన ఉక్కు తయారు చేసినాడు. దానికి తుప్పు పట్టడం లేదని గమనించి చాకులకు వాడవచ్చునన్నాడు. మూడవది పొడి ఉక్కు. కరిగిన ఉక్కును పొడిగా చల్లి, ఆ పొడిని వేడితో, ఒత్తిడితో గట్టిపరుస్తారు. 2001లో అమెరికాలో వచ్చిన ‘ఎస్30వి’ అనే రకం చాకుల కోసమే తయారైనది. అందులో నూటికి నాలుగు పాళ్లు వెనేడియం ఉన్నది. పదును చాలాకాలం నిలుస్తుంది. అయితే మళ్లీ సాన పట్టాలంటే మామూలు రాయి చాలదు, చేయి నొప్పి పుడుతుంది.

ఉక్కు రకం ఎంత గొప్పదైనా కాల్చి చల్లార్చడంలో నేర్పు లేకపోతే వ్యర్థం. ఎర్రగా కాల్చి, అయస్కాంతం అంటుకోని వేడి దాటిన తర్వాత నూనెలో ముంచితే ఉక్కు గాజులాగా గట్టిపడుతుంది. అట్లా వదిలేస్తే పెళుసు. దానిని మళ్లీ రెండు వందల డిగ్రీల దగ్గర మెల్లగా వేడి చేస్తే గడ్డి రంగు వస్తుంది, పెళుసుతనం తగ్గుతుంది. ఉర్దూలో దీనినే ‘ఆబ్ దేనా’ అన్నారు, అనగా నీరు పెట్టడం. గట్టితనాన్ని నేడు రాక్‌వెల్ అనే కొలతతో చెబుతారు. చాకులకు సుమారు 55 నుంచి 62 దాకా ఉంటుంది. తక్కువైతే పదును త్వరగా పోతుంది కాని సులభంగా వస్తుంది. ఎక్కువైతే పదును నిలుస్తుంది కాని అంచు విరిగే భయం. అన్నీ ఒకే చాకులో దొరకవు. దుకాణదారు దొరుకుతాయన్నా నమ్మవద్దు.

షెఫీల్డు పనివాళ్లు

మడత చాకుకు స్ప్రింగు పెట్టి ఇంటింటికీ చేర్చిన ఊళ్లలో షెఫీల్డు ముఖ్యమైనది. 1624లోనే అక్కడ చాకుల పనివారి సంఘం చట్టబద్ధంగా ఏర్పడింది. 1740ల ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు, గడియారం స్ప్రింగుకు మంచి ఉక్కు దొరకక, తానే మూసలో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టినాడు. మూసలో ఉక్కు చేయడం మన దేశంలో అప్పటికే ఎన్నో వందల ఏళ్ల పాత సంగతి. షెఫీల్డు కంపెనీ ఒకటి 1822లో ఒకే పిడికి 1822 అలుగులు అమర్చి తన పనితనం చాటుకున్నది.

ఈ వైభవం వెనుక ఉన్న దుఃఖం కూడా చెప్పాలి. చాకులకు సాన పట్టేవారు రోజంతా తిరిగే ఇసుకరాయి మీద వంగి కూర్చునేవారు. రాతి దుమ్ము, ఉక్కు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయేది. నీళ్లు పోయకుండా పొడి సాన పట్టేవారు 35 ఏళ్లు, తడి సాన పట్టేవారు 45 ఏళ్లు దాటడం అరుదని 19వ శతాబ్దపు వైద్యులు రాసినారు. ఒక చాకు తళతళలాడుతుంటే దాని వెనుక ఎవరి ఊపిరి ఉన్నదో కూడా గుర్తుండాలి.

గొళ్లెం రకాలు

మడత చాకులో ప్రమాదం ఎక్కడ ఉన్నది? తెరిచిన అలుగు పని మధ్యలో మూసుకుంటే మన వేళ్ల మీదనే పడుతుంది. దీనికి తలా ఒక ఉపాయం చేసినారు.

మొదటిది వీపు స్ప్రింగు. అలుగు మొదలు చదరంగా ఉంటుంది. దాని మీద స్ప్రింగు నొక్కుతూ ఉంటుంది. తెరిచినప్పుడు, మూసినప్పుడు ‘టక్’ మని ఆగుతుంది. ఇది గొళ్లెం కాదు, ఆపు మాత్రమే. గట్టిగా వెనక్కి నెడితే మూసుకుంటుంది. స్విస్ చాకులు చాలావరకు ఇట్లాంటివే. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో కార్ఖానా పెట్టి, 1891లో సైన్యానికి చాకులు ఇచ్చినాడు. 1897లో ఆఫీసర్ల చాకుకు హక్కు పొందినాడు. తల్లి పేరు విక్టోరియా, తుప్పు పట్టని ఉక్కుకు ఫ్రెంచిలో ‘ఇనాక్స్’. రెండూ కలిపి 1921లో ‘విక్టోరినాక్స్’ అయింది. తల్లి పేరును కొడుకు ఈ విధంగా లోకమంతా తిప్పినాడు.

రెండవది వీపు గొళ్లెం. అలుగు మొదట్లో గాడి, స్ప్రింగుకు కొక్కెం. తెరవగానే కొక్కెం గాడిలో పడుతుంది. పిడి వెనుక నొక్కితే తప్ప వదలదు. స్పెయిను దేశపు ‘నవాహా’ చాకుల్లో ఇట్లాంటి గొళ్లేలు పూర్వమే ఉన్నాయి. వాటికి పళ్లు కూడా ఉండి, తెరుస్తుంటే ‘కరకర’ మనే చప్పుడు వచ్చేది. 1964 నుంచి అమెరికాలో బక్ కంపెనీ అమ్మిన ‘110’ చాకుతో వీపు గొళ్లెం అందరికీ తెలిసిపోయింది.

మూడవది ఉంగరం గొళ్లెం. ఫ్రాన్సు దేశం సవోయి కొండల్లో జోసెఫ్ ఒపినెల్ అనే కమ్మరి కొడుకు 1890లో కర్ర పిడితో రైతుల కోసం చాకు చేసినాడు. 1955లో దానికి తిరిగే ఉంగరం అమర్చినారు. చాకు తెరిచి ఉంగరం తిప్పితే అలుగు మూసుకోదు. ఇంత చవక, ఇంత సులువైన తాళం మరొకటి లేదని మా అభిప్రాయం. కాని తిప్పడం మరిచిపోతే తాళం లేనట్టే.

నాలుగవది లోపలి రేకు గొళ్లెం. పిడి లోపలి రేకు ఒకటి స్ప్రింగులాగా పక్కకు వంగి అలుగు మొదలు వెనుక చేరుతుంది. దీని పాత రూపాలు 1900 తర్వాత కొద్ది ఏళ్లకే ఉన్నాయి. 1980లలో మైకేల్ వాకర్ అనే అమెరికా పనివాడు దానిని ఇప్పటి రూపానికి తెచ్చినాడు. ఒంటిచేత్తో తెరిచి మూయవచ్చు. 1987లో క్రిస్ రీవ్ రేకుకు బదులు పిడి భాగాన్నే గొళ్లెంగా చేసినాడు. రేకు సన్నమైతే జారవచ్చు, పిడి జారే భయం తక్కువ.

రామ్‌పురి

ఇక మన ఖట్కేదార్ చాకు, రామ్‌పురి సంగతి. రామ్‌పూర్ సంస్థానం 1774లో నవాబు ఫైజుల్లా ఖాన్‌తో మొదలైంది. నేటి రజా లైబ్రరీకి మూలమైన పుస్తకాల సేకరణ కూడా ఆ నవాబులదే. తుపాకులు వచ్చి కత్తులకు గిరాకీ తగ్గినప్పుడు కత్తులు చేసే చేతులే చాకుల వైపు మళ్లినాయని అక్కడివారు చెప్పుకుంటారు. ఇత్తడి పిడి, గొళ్లెం, తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాల అలుగు. ఒక బజారంతా ఈ చాకుల మీదనే బతికింది.

ఆ తర్వాత సినిమాలు వచ్చినాయి. 1960, 70లలో హిందీ సినిమా గూండా చేతిలో తప్పకుండా రామ్‌పురి ఉండవలసిందే. గొళ్లెం చప్పుడుకే హాలులో ఈలలు. క్రమంగా చాకు పేరు గూండా పేరు అయింది, ఊరి పేరు చాకు పేరు అయింది. 1990లలో ఉత్తర్‌ప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు దాటిన చాకుల మీద నిషేధం పెట్టింది. నేరాలు ఆగినాయా అంటే, నేరస్థుల చేతికి నాటు తుపాకీ ఎప్పుడో వచ్చింది. ఆగిపోయినది కారీగర్ల పొయ్యి. పిల్లలు ఆ పని నేర్చుకోలేదు, దుకాణాలు ఒకటొకటిగా మూతపడినాయి. 2023లో రామ్‌పూర్ కూడలిలో ఆరు మీటర్లకు పైగా పొడవైన చాకు ప్రతిమను నిలబెట్టినారు. ప్రతిమ వచ్చింది, మంచిదే. పనివాడి కడుపుకు ప్రతిమ చాలదు గదా.

ఇది ఒక్క మన కథ కాదు. అమెరికాలో 1950లలో మీట నొక్కితే తెరుచుకునే చాకును సినిమాలు, పత్రికలు అల్లరి కుర్రవాళ్లకు గుర్తుగా చూపించినాయి. 1958లో దాని మీద చట్టం వచ్చింది. ఇంగ్లండులో 1959లో వచ్చింది. జపానులో 1960 అక్టోబరు 12న అసనుమా అనే రాజకీయ నాయకుణ్ణి వేదిక మీద ఒక యువకుడు పొట్టి ఖడ్గంతో చంపినాడు. దాని తర్వాత పిల్లల చేతుల్లో చాకు ఉండరాదని ఉద్యమం లేచింది. బడిపిల్లలు పెన్సిలు చెక్కుకునే హిగోనోకామికి గిరాకీ పడిపోయింది. డజన్లకొలది ఉన్న తయారీదారుల్లో చివరకు ఒక్క కొలిమి మిగిలింది. చంపినది ఖడ్గం, శిక్ష పడినది పెన్సిలు చాకుకు.

మేము చట్టానికి వ్యతిరేకం కాదు. చాకుతో ప్రాణాలు పోయిన ఇండ్లు ఉన్నాయి. ఆ తల్లుల ముందు నిలబడి పనితనం గురించి ఉపన్యాసం ఇవ్వలేము. తొమ్మిది అంగుళాల అలుగు పండు కోయడానికి కాదని కారీగరుకూ తెలుసు. మేము చెప్పేది ఒక్కటే. తప్పు చేసినవాడిని పట్టుకోవాలి, పొడవు తగ్గించమనాలి. అంతేగాని ఒక ఊరినీ, ఒక వృత్తినీ, ఆ వృత్తివాళ్ల బిరాదరీనీ నేరస్థుల లెక్కలో రాయకూడదు. ఆ ఉస్తాదులకు పండ్ల చాకు, తోటపని కత్తి, కలంతరాష్ చేసే అవకాశం, బజారు ముందే చూపించి ఉంటే కథ వేరుగా ఉండేది. ఒపినెల్ రైతుల చాకు నేటికీ నిలిచింది, రామ్‌పురి నిలవలేదు. ఉక్కులో తేడా ఉండవచ్చు, గొళ్లెంలో తేడా ఉండవచ్చు. పెద్ద తేడా మాత్రం పేరులో వచ్చింది.

చాకు కొనేవారికి

ఇంటికి, తోటకు, ప్రయాణానికి చాకు కొనేవారు కొన్ని పరీక్షలు చేసి కొనాలి. పిడి పట్టుకొని అలుగును అటూ ఇటూ కదిపి చూడండి. కీలు దగ్గర ఊగితే వద్దు. తెరిచి గొళ్లెం వేసి, వేళ్లు అలుగు దారిలో లేకుండా పట్టుకొని, అలుగు వీపును ఒక కర్ర ముక్క మీద మెల్లగా తట్టండి. గొళ్లెం వదిలితే ఆ చాకు మీ ఇంటికి రాకూడదు. మూసినప్పుడు అలుగు మధ్యగా పడాలి, పక్కరేకుకు రాసుకోరాదు. పలుచని కాగితాన్ని మొదటి నుంచి చివర దాకా చిరగకుండా కోయాలి. ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ అంచు దెబ్బతిన్నట్టు. పొడుగు కంటె పనికి తగిన అలుగు ముఖ్యం. ఇంటికి మూడు అంగుళాలు చాలు. తడి పనికి స్టెయిన్‌లెస్, పొడి పనికి కార్బను ఉక్కు మంచిది. మొండి చాకు పదునైన చాకుకంటె ప్రమాదం. ఎందుకంటారా? మొండిదానిని బలంగా నొక్కుతాము, బలంగా నొక్కినదే జారుతుంది.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని నియమాల ప్రకారం 9 అంగుళాల పొడవు గాని 2 అంగుళాల వెడల్పు గాని దాటిన పదునైనవి ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పరిశ్రమల పనికి ఉద్దేశించినవాటికి మినహాయింపు ఉన్నది. అయినా షోకు కోసం జేబులో చాకు పెట్టుకొని బజారులో తిరగవద్దని మన కుర్రవాళ్లకు గట్టిగా చెబుతున్నాము. జులూసులో, మ్యాచి చూడబోయే గుంపులో చాకుకు ఏం పని? మీ జేబులో దొరికిన చాకు మీ ఒక్కరి పేరే చెడగొట్టదు. ఇంటి పేరు, మొహల్లా పేరు కూడా దానితో పాటు పోలీసు కాగితాల్లోకి ఎక్కుతుంది.

కాని పిల్లలకు పనిముట్టు పట్టడమే నేర్పకపోవడం కూడా తప్పే. మామిడికాయ కోయడం, పెన్సిలు చెక్కడం, సాన పట్టడం, వాడి తుడిచి మడిచిపెట్టడం, ఇతరులకు ఇచ్చేటప్పుడు పిడి వైపు ఇవ్వడం, ఇవి తల్లిదండ్రుల దగ్గర కూర్చొని నేర్చుకోవలసినవి. పనిముట్టు విలువ తెలిసిన చేయి దానిని ఆయుధంగా ఎత్తడానికి సిగ్గుపడుతుందని మా నమ్మకం.

కోనసముద్రంలో మూస ఉక్కు కొలుములు ఆరిపోయినప్పుడు ఆ పద్ధతిని పూర్తిగా రాసిపెట్టుకున్నవారు మన వాళ్లలో ఎవరూ లేరు. పరదేశపు డాక్టరు రాసినదే మనకు మిగిలింది. మన కుటుంబాల్లో కూడా బిద్రీ పని, జరీ పని, కలాయి పని, కితాబత్ తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వారి దగ్గర కూర్చొని నాలుగు మాటలు రాసిపెట్టుకోండి. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. జౌహర్ ఉక్కులోనే ఉంటుంది, కాని దానిని బయటికి తెచ్చేది చేయి. ఆ చేయి పోయిన తర్వాత వెతికితే దొరకదు.